లేత నీలం గీత

పోయిన వారం ఆమె అక్క ఇంట్లో అన్నం ముందు నుంచి లేచిపోయింది. వండింది అక్కే. కానీ ఎదురుగా కూర్చున్నది బావ. ఆమె దరఖాస్తు మీద ‘మార్గం లేదు’ అని రాసి సంతకం పెట్టిన చెయ్యే, గరిటె పట్టుకుని ఆమె కంచంలోకి కూర వెయ్యబోయింది. ఆమె కంచం పక్కకి జరిపింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే, కింది మెట్టు మీద కూర్చున్న బావ తండ్రి తలెత్తకుండా ఒక మాట అన్నాడు.

“ఆ పటంలో ఒక గీత తక్కువమ్మా. తక్కువ చేసింది నేనే.”

అక్కడ ఆగాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం ఇంకో నాలుగు ముక్కలు. ఆమె విశ్వవిద్యాలయంలో నీటి పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్. పద్నాలుగేళ్ల సర్వీసు. చదివింది వృత్తి విద్యాలయంలో మూడేళ్ల డిప్లొమా. ఆమె చేరినప్పుడు ఆ ల్యాబ్‌లో రెండు బల్లలు, ఒక త్రాసు ఉండేవి. ఇప్పుడు ఊళ్లో ప్రతి కుళాయి నీళ్లూ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఈ ఏడాది కొత్త నిబంధన వచ్చింది. ల్యాబ్ బాధ్యత చూసే మనిషికి మాస్టర్స్ డిగ్రీ ఉండాలట. లేకపోతే వచ్చే నెల నుంచి ఆమె గాజుసామాను కడిగే గదికి పోవాలి. ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల వచ్చి ఆమె కుర్చీలో కూర్చుంటుంది.

ప్రొఫెసర్ మంచివాడు. “నువ్వే చదువు, సీటిస్తాను. చదువుతున్నంత కాలం నీ కుర్చీ నీకుంటుంది” అన్నాడు. ఇచ్చాడు కూడా. సమానార్హత విభాగం ఆ సీటు రద్దు చేసింది. ఏ చదువు ఏ చదువుకి సమానమో తేల్చే విభాగం అది. దాని అధికారి బావ. అప్పీలు విచారణ రేపు పదకొండింటికి.

*

విచారణకి ముందు రోజు పొద్దున తొమ్మిదింటికి బావ తండ్రి బస్టాపులో ఆమె కంటే ముందే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చంకలో గొడుగు. జేబులో ఆరంగుళాల స్కేలు. ఉద్యోగం దిగిపోయి పదేళ్లయినా ఆ స్కేలు మాత్రం దిగలేదు. మంత్రిత్వశాఖలో ఆయన డ్రాఫ్ట్స్‌మన్. పటాలు గీయడం పని. ఆఫీసులో ఆయన్ని ‘స్కేలు’ అనేవారు. మనిషి నిటారుగా ఉంటాడని కొందరు, ఎవరి ముందూ వంగడని కొందరు చెప్పేవారు. వంగడన్నది అబద్ధం. ఒకసారి వంగాడు.

“మీ అక్కకి ఏం చెప్పావ్?”

“ఏం చెప్పలేదు మావయ్యగారూ. మీరు?”

“కళ్లజోడు మార్పించుకోవాలన్నా.”

“నమ్మిందా?”

“ఆ జోడు అడ్డం పెట్టుకుని ఈ ఏడాదిలో మూడుసార్లు బయటికొచ్చా. ఇంకా నమ్ముతోందంటే అది నా మీద జాలి.”

బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాడు. అద్దం మీద దుమ్ము పట్టి ఉంది. స్కేలు తీసి అద్దానికి ఆనించి, చూపుడువేలుతో రెండు నిలువు గీతలు గీశాడు. వాటి మధ్య మెట్లు. పక్కన జానెడు వదిలి ఇంకో రెండు గీతలు, ఇంకొన్ని మెట్లు. డెబ్భై ఏళ్ల చెయ్యి. గీత వణకలేదు.

“ఎడమ నిచ్చెన విద్యాశాఖది. డిగ్రీ మూడేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు, పైన పరిశోధన. కుడి నిచ్చెన పరిశ్రమల శాఖది. డిప్లొమా మూడేళ్లు, పైన ఉన్నత డిప్లొమా ఏడాదిన్నర. ఆ పైన ఆకాశం.”

“నాకు తెలియందేం కాదు. ఆ ఆకాశం కిందే ఉన్నా.”

“నువ్వు కుడిదెందుకు ఎక్కావ్?”

“మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నది అదొక్కటే. మా నాన్న వెయ్యి ఆలోచించి ఏం పంపలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి నిచ్చెనలు కనపడతాయా మావయ్యగారూ? గేటు కనపడుతుంది. తీసుంటే లోపలికి పోతుంది.”

ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగి అద్దం మీద బొమ్మ చూసింది. “ఇల్లు కడుతున్నారా?” అని అడిగింది.

“కట్టేశానమ్మా. మెట్లు మర్చిపోయా” అన్నాడు పెద్దాయన.

ఆవిడ నవ్వి ముందుకి తిరిగింది. ఆయన నవ్వలేదు.

“చట్టం ఎనభై పేజీలు. చదివినవాడు ఒక్కడు లేడు. చివర్లో మడత పెట్టిన పటం ఒకటుంటుంది. అందరూ విప్పేది దాన్నే. మూడో సెక్షన్ ఏమంటుందో తెలుసా? ‘దేశంలో ఉన్నత విద్య అనుబంధ పటంలో చూపిన విధంగా వ్యవస్థీకరించబడును.’ అంతే. పటంలో ఉంటే ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. మీ బావ రాసింది అబద్ధం కాదు. అచ్చు పుస్తకంలో కుడి నిచ్చెన నుంచి ఎడమ నిచ్చెనకి గీత లేదు. వాడు మార్గం లేదన్నాడు.”

“కొడుకుని వెనకేసుకొస్తున్నారా?”

“వాడి పని వాడు చేశాడంటున్నా. చెయ్యనిది నేను.”

బస్సు ఆగింది. అద్దం మీది నిచ్చెనల్ని ఆయన చొక్కా చేతితో తుడిచేశాడు. చొక్కాకి దుమ్మంటింది. ఇంటికెళ్లాక కోడలు అడుగుతుంది, ఏ కళ్లజోళ్ల షాపులో ఇంత దుమ్ముందని.

*

పటాల గది మంత్రిత్వశాఖ పాత భవనం అడుగున ఉంది. ఇరవై రెండు మెట్లు దిగాలి. కింద ఇనుప తలుపు. లోపల గోడల పొడవునా ఇనుప ర్యాకులు, ర్యాకుల్లో అట్ట గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఒక్కో పటం. దేశంలో బడులు, వంతెనలు, జైళ్లు అన్నీ అక్కడ చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి.

స్టోర్ కీపర్ యాభై దాటిన ఆవిడ. మెడలో కళ్లజోడు తాడు, చేతులకి తెల్లటి నూలు తొడుగులు. మనుషులు వస్తే సంతోషించే రకం. ఎందుకంటే రారు.

“పెన్నులు ఇక్కడ పెట్టెయ్యండి. సిరా లోపలికి రాకూడదు. సంతకానికి బల్ల దగ్గర దారంతో కట్టిన పెన్నొకటుంది, అదొక్కటే.” ఆయన మొహం చూసి ఆగింది. “స్కేలు గారేనా మీరు? నేను చేరిన ఏడాదే మీరు దిగిపోయారు. మీ బల్ల నాకిచ్చారు. సొరుగులో ముప్పై రెండు రబ్బరు ముక్కలు దొరికాయండీ!”

“తప్పులు చేసేవాణ్ణి” అన్నాడాయన.

“అయ్యో, అలా అనలేదు.”

“నేనన్నా.”

కోరిక చీటీ నింపాడు. పటాన్ని బయటికి తీసుకెళ్లే హక్కు ఇద్దరికే ఉంది. గీసినవాడికి, ఆ పటాన్ని వాడే విభాగానికి. చీటీలో నాలుగు గడులు. ఎవరు, ఏ పటం, ఎన్నాళ్లకి, ఎందుకోసం. ‘ఎందుకోసం’ దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం నిలిచింది. తర్వాత ‘అప్పీలు విచారణలో చూపడానికి’ అని రాశాడు. పటాల మీద పేర్లు రాసే పొందికైన అక్షరాలు.

కీపర్ నిచ్చెన వేసుకుని పై ర్యాకు నుంచి గొట్టం దింపింది. బల్ల మీద పటం పరిచి నాలుగు మూలలా నాలుగు ఇనుప బరువులు పెట్టింది.

ఆమె వంగి చూసింది. ముప్పై ఆరేళ్ల నాటి, పటాలు గీసే ట్రేసింగ్ గుడ్డ. పసుపు రంగుకి తిరిగింది. నల్లటి సిరా మాత్రం నిన్న పూసినట్టుంది. ఎడమ నిచ్చెనలో పెద్ద గడులు. కుడి నిచ్చెనలో చిన్న గడులు. కింది నుంచి రెండో గడిలో ‘డిప్లొమా’. ఆమె చదువు, ఆమె ల్యాబ్, పద్నాలుగేళ్లు, రేపటి పదకొండు గంటలు, అన్నీ ఆ రెండంగుళాల గడిలో ఉన్నాయి. గడి చుట్టూ నాలుగు వైపులా సిరా గీత. ఎక్కడా సందు లేదు.

“అచ్చు పుస్తకంలో ఉన్నదే కదా ఇది” అంది. “ఏముంది ఇందులో?”

“ఆ దీపం ఆర్పమ్మా” అని కీపర్‌తో అన్నాడు.

దీపం ఆరింది. పైన వెంటిలేటర్ నుంచి పగటి వెలుగు ఏటవాలుగా గుడ్డ మీద పడింది. ఆయన స్కేలు మొనతో చూపించాడు. డిప్లొమా గడి పైఅంచు నుంచి ఒక గీత బయల్దేరింది. లేత నీలం. ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కా ఒకే కొలత. ఆ గీత ఖాళీ జాగా దాటి ఒక చిన్న గడిలోకి వెళ్లింది. గడిలో అదే నీలంతో ‘పూరక సంవత్సరం’. అక్కడి నుంచి మళ్లీ బయల్దేరి ఎడమ నిచ్చెనలో మాస్టర్స్ మెట్టుకి తాకింది.

ఆమె వేలు గుడ్డకి తగలకుండా ఆ గీత వెంటే పోయింది.

“ఏడాది చదివితే చాలా?”

“చాలు.”

“నాకు ఇరవై ఒకటప్పుడు డిప్లొమా అయింది.”

“తెలుసు.”

“ఇరవై రెండుకి దాటేదాన్ని.”

“దాటేదానివి.”

కీపర్ ఇద్దరి మొహాలూ చూసి, ర్యాకులు తుడిచే పని గుర్తొచ్చినట్టు అవతలికి పోయింది. చెవులు మాత్రం ఇక్కడే ఉంచింది.

“చెప్పండి” అంది ఆమె.

ఆయన చెప్పాడు. కూర్చోలేదు.

“డ్రాఫ్ట్స్‌మన్‌కి రెండు పెన్సిళ్లుంటాయి. మామూలుది ఒకటి, లేత నీలం ఒకటి. లేత నీలం కంటికి కనపడుతుంది, ప్రెస్సు కెమెరాకి కనపడదు. ఇంకా ఖాయం కానివి అందులో గీస్తాం. ఖాయమయ్యాక సిరా వేస్తాం. అప్పట్లో రెండు శాఖలూ ఈ గీత గురించి కొట్టుకుంటున్నాయి. మా పిల్లలు మీకెందుకని వాళ్లు, మీ పిల్లలు మాకెందుకని వీళ్లు. కమిటీ అధ్యక్షుడు పిలిచి, ఒప్పుకునేదాకా నీలంలో ఉంచవయ్యా అన్నాడు. ఉంచా.”

“ఒప్పుకున్నారా?”

“ఇది చూడు.” స్కేలు కుడి అంచుకి జరిగింది. అంచు మీద పెన్సిల్‌తో నాలుగు ముక్కలు: ‘అంగీకారం అందింది. సిరా వేయవచ్చు.’ కింద సంతకం, తేదీ. “అచ్చు పుస్తకంలోకి అంచు రాదు. అందుకే ఎవరూ చూడలేదు. ఈ రాత వచ్చింది సాయంత్రం నాలుగున్నరకి. నా బల్ల మీద ఇంకో పటం ఉంది. దానికి అక్షరాలు రాస్తున్నా. ఇది రేపు పొద్దున చేద్దాంలే అనుకున్నా. సిరా సీసా మూత కూడా తియ్యలేదు. పొద్దున వచ్చేసరికి గొట్టం ప్రెస్సుకి పోయింది.”

“ఫోన్ చేసి ఆపొచ్చుగా?”

“ఆపక్కర్లేదనుకున్నా. నా కంటికి కనపడుతోంది కదా. కెమెరాకి కనపడదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ భవనంలో లేడు. అయినా ఆ పూట నా కంటికి కనపడింది, చాలనుకున్నా.”

“తర్వాత?”

“రెండు నెలలకి పుస్తకం వచ్చింది. విప్పి చూశా. గీత లేదు. అధ్యక్షుడి దగ్గరికి పరిగెత్తా. ఆయన టీ తాగుతున్నాడు. తాగడం ఆపలేదు. ‘సభ ఆమోదించింది. అచ్చయింది. ఇప్పుడు తప్పంటే నీ ఉద్యోగం, నా పరువు. రెండు మూడేళ్లలో సవరణ వస్తుంది, అప్పుడు చూద్దాం’ అన్నాడు. సరే సార్ అన్నా.”

“వచ్చిందా?”

“ఆయన పోయాడు. సవరణ రాలేదు.”

ఆమె గుడ్డ మీద నుంచి తలెత్తింది.

“ముప్పై ఆరేళ్లు.”

“నువ్వు పుట్టడానికి ఏడాది ముందు.”

“ఏడాదికి ఎంతమంది డిప్లొమాలు తీసుకుంటారో తెలుసా మీకు? ఎంతమంది నాలాగా దరఖాస్తు పెట్టి ఆ ముక్క చదువుకుని ఇంటికి పోయుంటారో తెలుసా?”

“నేను మనుషుల్ని గీయలేదమ్మా. గడులు గీశా.”

“ఆ గడిలో నేనున్నా మావయ్యగారూ.”

ఆయన తల ఊపాడు.

“మీ అత్తయ్యగారికి తెలుసు” అన్నాడు. “ఆవిడ ఒక్కదానికే చెప్పా. వెళ్లి చెప్పెయ్యండి, ఉద్యోగం పోతే పోయిందనేది. చెప్తాలే అనేవాణ్ణి. ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో అడిగేది. ఏటా చెప్తాలే అనేవాణ్ణి. ఆవిడ పోయింది. ఆ తర్వాత అడిగేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేకపోవడం ఎంత సుఖంగా ఉంటుందో నీకు తెలీదు. నాకు తెలుసు.”

ఆమెకి జాలి వేసింది. ఆ జాలి మీద కోపం వచ్చింది. జాలి తప్పు చేసినవాడికి దొరికినంత తొందరగా, తప్పు ఎవరి మీద పడిందో వాళ్లకి దొరకదు.

“కొడుకుని మాత్రం ఎడమ నిచ్చెనే ఎక్కించారు.”

“ఎక్కించా.”

“గీత లేదని తెలుసు కాబట్టి.”

“తెలుసు కాబట్టే.” ఆయన గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. “ఇంకా ఏమైనా అనాలంటే ఇక్కడే అను. రేపు అక్కడ నలుగురి ముందు నేను చెప్పాలి. ఇక్కడ విన్నవి అక్కడ కొంచెం తేలికవుతాయి.”

“తేలిక చెయ్యడానికి రాలేదు నేను. సంతకం పెట్టండి.”

*

కీపర్ పటం చుట్టింది. గొట్టంలో పెట్టింది. గొట్టం మూతకి లోపలివైపు సంచిలాంటిది ఒకటుంది. అందులో నుంచి ఒక కార్డు తీసింది. ఆ పటాన్ని ఎవరెవరు, ఎప్పుడు విప్పారో రాసే కార్డు.

“ఇందులో పెట్టాలండీ సంతకం. ముప్పై ఆరేళ్లలో ఇద్దరే చూశారు దీన్ని. మీరు మూడో మనిషి.”

“ఇద్దరా?” అన్నాడు. “ప్రెస్సువాడొకడు. రెండోది ఎవరు?”

కార్డు బల్ల మీద పెట్టింది. మొదటి వరస వెలిసిపోయింది. రెండో వరస నీలం సిరా. తేదీ తొమ్మిదేళ్ల కిందటిది. సంతకం కింద అడ్డంగా ఒక గీత, గీత కింద రెండు చుక్కలు.

ఆ సంతకం ఆమె నెల రోజులుగా చూస్తోంది. మడత పెట్టి బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. ‘మార్గం లేదు’ అన్న మాట కింద ఉన్నది అదే.

పెద్దాయనకి కాగితంతో పోల్చుకోవాల్సిన పని లేదు. ఆ గీతా ఆ చుక్కలూ ఆయన నేర్పినవే. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, సంతకం అంటే ఇంకెవరూ పెట్టలేనట్టు ఉండాలిరా అని.

“ఓ, ఈ సారా!” అంది కీపర్. “నాకు బాగా గుర్తు. సమానార్హత విభాగంలో కొత్తగా చేరారప్పుడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ బల్ల దగ్గరే ఉన్నారు. అన్నానికి కూడా వెళ్లలేదు. వెళ్తూ వెళ్తూ అడిగారు, లేత నీలం గీత కెమెరాకి పడదా అని. పడదు సార్ అన్నా. థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. మంచి మనిషి. ఇక్కడికొచ్చి థాంక్స్ చెప్పినవాళ్లు లేరు.”

ఆమె కార్డు తన వైపు తిప్పుకుంది.

తొమ్మిదేళ్లు. అక్క పెళ్లికి ఏడాది ముందు. ఆమె లెక్క వేసుకుంది. పెళ్లిచూపులకి వచ్చిన రోజు, ఏం చదివావమ్మా అని బావ ఆమెని అడిగాడు. డిప్లొమా అని చెప్పింది. ‘మంచిదే’ అన్నాడు. బావకి అప్పటికే తెలుసు.

పెద్దాయన చేతిలో దారం కట్టిన పెన్ను ఉంది. మూత తీసి ఉంది. ఆయన మూత మళ్లీ పెట్టాడు.

“ఈ కార్డు ఇక్కడే ఉంచి గొట్టం ఒక్కటీ ఇవ్వడానికి కుదరదామ్మా?”

“అయ్యో, కుదరదు పెద్దాయనా. గొట్టం ఎటు పోతే కార్డు అటే. విచారణలో ముందు కార్డే చూస్తారు, పటం అసలుదో కాదో తేల్చుకోవడానికి.”

ఆయన ఆమె వైపు తిరిగాడు. పొద్దున బస్టాపులో నిలబడిన మనిషి కాదు. పది నిమిషాల్లో కుంగిపోయాడు.

“నా తప్పు చెప్పుకోడానికి వచ్చా అమ్మాయ్. వాడిది చెప్పడానికి రాలేదు.”

“అది వేరే తప్పు కాదు మావయ్యగారూ. మీదే. చేతులు మారింది.”

“వాడి ఉద్యోగం పోతుంది.”

“మీకు అధ్యక్షుడు చెప్పిన మాటే అది.”

“మీ అక్క...”

“అక్క గురించి నాకు చెప్పకండి.” మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. వెంటనే తగ్గించుకుంది. “నాకు తెలీదనుకుంటున్నారా? రేపు బావ అక్కడ తల దించుకుంటే సాయంత్రం అక్క ఇంటి తలుపు నాకు తియ్యదు. ఎన్నేళ్లు తియ్యదో తెలీదు. మాకు అమ్మా నాన్నా లేరు. ఉన్న పుట్టింటి మనిషి అదొక్కతే. అయినా అడుగుతున్నా. సంతకం పెట్టండి.”

ఆయన కార్డు చూశాడు. రెండో వరస కింద మూడో వరస ఖాళీగా ఉంది. కొడుకు పేరు కింద తండ్రి పేరు. పెన్ను మూత తీశాడు. చెయ్యి కార్డు దగ్గరికి పోయింది.

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇరవై రెండు మెట్లు. తొందర లేని నడక. ఇనుప తలుపు తోసుకుని బావ లోపలికి వచ్చాడు.

ముగ్గుర్నీ చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆఫీసు చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. చేతిలో మడత పెట్టిన కాగితం. జేబులోని పెన్ను తీసి తలుపు దగ్గరి పెట్టెలో పెట్టాడు. నియమాలు తప్పే మనిషి కాదు.

“కళ్లజోడు దొరికిందా నాన్నా?” అన్నాడు.

“దొరికింది” అన్నాడు పెద్దాయన. “బాగా కనపడుతోంది.”

బావ మరదలి వైపు చూడలేదు. ఆమె కూడా పలకరించలేదు. బావ మడత విప్పి కాగితం బల్ల మీద పెట్టాడు. కోరిక చీటీ. అదే పటం, అదే నంబరు. సమానార్హత విభాగం ముద్ర వేసి ఉంది.

కీపర్ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆవిడకి ఇలాంటి రోజు రాలేదు.

“సార్, గొట్టం ఒకటి, చీటీలు రెండు. కార్డు మీద ముందు ఎవరి సంతకం పడితే పటం వాళ్లకి.”

“నాన్నా, మీరు పెట్టకండి” అన్నాడు బావ. నెమ్మదిగానే అన్నాడు. “నేను పెడతా.”

“ఎందుకు?”

“నా మాట వినండి. ఆ కార్డు మీద మీ పేరు పడకూడదు.”

ఆమె బల్ల మీదికి వంగింది. పటాన్ని రేపు విచారణకి తీసుకెళ్లడానికి వచ్చాడా, విచారణ అయ్యేదాకా కనపడకుండా చెయ్యడానికి వచ్చాడా? అది చెప్పాల్సింది చీటీ ఒక్కటే. మూడు గడులు నింపి ఉన్నాయి. అధికారి, పటం నంబరు, ఎన్నాళ్లకి. నాలుగోది ఖాళీ.

కీపర్ కూడా అదే చూసింది.

“సార్, ‘ఎందుకోసం’ దగ్గర రాయలేదు. అది నింపందే గొట్టం కదలదండీ.”

“రాస్తా” అని బావ చెయ్యి చాచాడు. “పెన్ను ఇవ్వండి నాన్నా.”

గదిలో పెన్ను ఒక్కటే. దాని దారం బల్లకి కట్టి ఉంది. రెండో కొస పెద్దాయన గుప్పిట్లో ఉంది. ఆయన గుప్పిట విప్పలేదు.

“ముందు నోటితో చెప్పు” అన్నాడు. “ఎందుకోసం?”

బావ మొదటిసారి మరదలి మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు.